మెర్ల్ హాగర్డ్: అవమానం నుంచి పుట్టిన పాట

శ్రామికవర్గంలో పుట్టిన కళాకారుడు పాలకవర్గానికి పనికివచ్చే పాట పాడితే అతనిని యెట్లా అంచనా వెయ్యాలి? అమెరికన్ కంట్రీ గాయకుడు మెర్ల్ హాగర్డ్ (1937–2016) ప్రతిష్ఠ యీ ప్రశ్న చుట్టూ తిరుగుతున్నది. అతనిని అభివృద్ధి నిరోధకుడని తోసివేసేవారున్నారు. శ్రామికుల కవి అని నెత్తికెత్తుకునేవారూ వున్నారు. ఈ రెండు మాటలూ చరిత్రను సగమే చెపుతున్నవని నా అభిప్రాయం.

1930ల ఆర్థికమాంద్యంలో, దుమ్ము తుఫానుల్లో బతుకు చెడిన ఓక్లహోమా రైతులు వేలాదిగా కాలిఫోర్నియాకు వలసపోయారు. అక్కడి తోటల్లో కూలికి కుదిరిన వారిని స్థానికులు ‘ఓకీలు’ అని యీసడించారు. వారి గాథను స్టైన్‌బెక్ 1939లో ‘గ్రేప్స్ ఆఫ్ రాత్’ నవలగా రాస్తే, ఆ యేడే కెర్న్ కౌంటీ పాలకులు తమ బడుల్లో, గ్రంథాలయాల్లో దానిని నిషేధించారు. హాగర్డ్ పుట్టిన ఆయిల్‌డేల్ ఆ కౌంటీలోనిదే. ఓక్లహోమా నుంచి వచ్చిన అతని తలిదండ్రులు పాత రైలుపెట్టెను యిల్లుగా మార్చుకున్నారు. రైల్వే పనివాడైన తండ్రి, కొడుకు తొమ్మిదేళ్లవాడై వుండగా మరణించాడు. కుర్రవాడు దొంగతనాల్లో పడి శాన్ క్వెంటిన్ జైలుకు పోయి, 1960లో విడుదలయ్యాడు.

1969లో అతని పాటలు రెండు వెలువడ్డాయి. ‘హంగ్రీ ఐస్’ కూలీల శిబిరంలో బతికిన తల్లి కళ్లలోని ఆకలిని చెపుతుంది. ‘ఓకీ ఫ్రమ్ మస్కోగీ’ వియత్నాం యుద్ధాన్ని వ్యతిరేకిస్తున్న యువకులను యెద్దేవా చేసి, జెండాకు మొక్కే చిన్న పట్టణాన్ని పొగుడుతుంది. రెంటికీ మూలం ఒకే గాయం. భూస్వామి నోట తిట్టుగా పుట్టిన ‘ఓకీ’ అనే మాట యిక్కడ గర్వంగా మారింది. అయితే ఆ గర్వం భూస్వామి మీదకు పోలేదు, విద్యార్థుల మీదకు పోయింది. అధ్యక్షుడు నిక్సన్ ‘మౌన అధికసంఖ్యాకుల’ మద్దతు కోరినది కూడా ఆ యేడే. 1973లో అతడు హాగర్డ్‌ను శ్వేతసౌధంలో పాడించాడు.

ఆ తరువాతి సంగతి మరింత గమనించదగ్గది. తెల్లవాడు నల్లజాతి యువతిని ప్రేమించడం మీద హాగర్డ్ కట్టిన ‘ఇర్మా జాక్సన్’ పాటను విడుదల చెయ్యడానికి రికార్డు కంపెనీ వెనకాడింది. అతని గొంతులో అది 1972లో గాని బయటికి రాలేదు. అంటే అతని పేరును అతనొక్కడే నిర్మించుకోలేదు. యే పాట మోగాలో, యేది ఆగాలో వ్యాపారం కూడా నిర్ణయించింది. 2003లో యిరాక్ యుద్ధాన్ని విమర్శించి వెలికి గురైన డిక్సీ చిక్స్ గాయనులను సమర్థించినవాడు కూడా యీ హాగర్డే.

ఇంతమాత్రాన ‘మస్కోగీ’ పాట నిర్దోషి కాదు. అవమానపడిన పేదవాడి అభిమానం యెటైనా మళ్లగలదని మాత్రం అది మనకు నేర్పుతున్నది. ఆ అభిమానాన్ని వెక్కిరించి వూరుకుంటే, దానిని చేరదీసుకునేవారు మన ప్రత్యర్థుల్లో యెప్పుడూ సిద్ధంగానే వుంటారు.