మన సీమ పాట: రాసినదీ, రాయనిదీ

భద్రాచలం పాట అనగానే మనకు గుర్తుకొచ్చేది రామదాసు. నేలకొండపల్లిలో పుట్టిన కంచెర్ల గోపన్న, గోల్కొండ తానీషా కాలంలో పాల్వంచ పరగణాకు తహశీల్దారు. ఒక విధంగా మన శాఖ మనిషే! శిస్తు సొమ్ము రామాలయానికి ఖర్చుపెట్టాడని చెరలో వేశారు. పన్నెండేళ్లని ప్రతీతి. ఖజానా లెక్కలో తేడా వస్తే ఏమవుతుందో మనవాళ్లకు వేరే చెప్పాలా?

మూడు వందల ఏళ్లు దాటినా ఆ కీర్తనలు పాతబడలేదు. భజన మండళ్లు ఎవరికి తోచిన వరుసలో వారు పాడుకుంటూ వచ్చాయి. 1948లో మొదలైన విజయవాడ రేడియో కేంద్రం భక్తిరంజని ద్వారా, రికార్డుల ద్వారా మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు వాటిని ఇంటింటికీ చేర్చారు. 2006లో 'శ్రీరామదాసు' సినిమా వచ్చింది. కొందరు పెద్దలు సణిగారు గానీ నేను సంతోషించాను. మా మనవలకు గోపన్న పేరు తెలిసింది దానివల్లనే.

మాట కాగితం మీద ఉంటే వరుస మారినా పాట బతుకుతుంది. అదే అడవి అంచున కోయల డోలి పాటకు ఆ వసతి లేదు. గట్టు గట్టుకూ వేరే పుట్టుక కథ, వేరే వేల్పులు. బొమ్మలున్న పడిగె గుడ్డ ఒక్కటే దస్తావేజు, తక్కినదంతా డోలి వాయించే మనిషి జ్ఞాపకమే.

మణుగూరు మండలం కూనవరం వాసి సకిని రామచంద్రయ్య గారు అలాంటి మనిషి. (శబరి గోదావరిలో కలిసే కూనవరం వేరు, పొరబడకండి.) సమ్మక్క సారలమ్మల కథ, పగిడిద్దరాజు కథ కోయభాషలోనూ తెలుగులోనూ పాడేవారు. తెలుగులోనూ పాడటం వల్లనే మనబోటి వాళ్లకు అందులో ఎంత చరిత్ర ఉందో అర్థమయింది. చదువుకున్నవాళ్లు డోలి పాటను పాటగానే చూశారు గానీ, వంశచరిత్రగా ఎంచింది తక్కువ. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2024 జూన్‌లో కన్నుమూశారు.

నకలు తీయని అసలు కాగితం పోతే ఏమిటో మనకు తెలుసు. మణుగూరు, దుమ్ముగూడెం, చర్ల వైపు స్థిరపడిన మన సభ్యులు తమ ఊరి చుట్టుపక్కల డోలి పాడేవారుంటే, వారి అనుమతితో, తగిన సంభావన ఇచ్చి, మనవల సెల్‌ఫోన్‌లో పాట మొత్తం రికార్డు చేయించండి. ఏ గట్టు కథో, ఎవరు పాడారో, తేదీతో సహా రాసి పెట్టండి.