పెద్ద నదికి సిద్ధమై వెళ్లారు

ఇథియోపియాలో ఆ నది పేరు అబ్బాయ్. మా పెదకాకానిలో చేలో ఉన్న మనిషిని గట్టు మీద నుంచి కేకేయాలంటే నోటికి ముందు వచ్చే మాట అదే. లోకం మాత్రం దాన్ని బ్లూ నైల్ అంటుంది. దాదాపు 1,800 మీటర్ల ఎత్తున ఉన్న తానా సరస్సులో బయల్దేరి, ముప్పై కిలోమీటర్లు సాగాక టిస్ అబ్బాయ్ దగ్గర నలభై మీటర్లకు పైగా కిందికి దూకుతుంది. టిస్ అంటే పొగ. అక్కడి నుంచి లోయ. కొన్నిచోట్ల అంచు మీద నిలబడితే నీళ్లు కిలోమీటరున్నర కింద ఉంటాయి.

1968 నాటికి ఆ లోయ పొడవునా పడవలో వెళ్లినవాడు లేడు.

వెళ్లబోయినవాళ్లు లేకపోలేదు. 1903లో మెక్‌మిలన్ అనే అమెరికా ధనికుడు తానా వైపు నుంచి పడవలు దించితే, కాసేపటికే బద్దలయ్యాయి. సూడాన్ వైపు నుంచి ఎదురెక్కిన అతని సహచరుడు సరిహద్దు చేరకుండానే రాళ్ల దగ్గర ఆగిపోయాడు. 1920లలో, 30లలో బ్రిటిష్ కాన్సల్‌గా పనిచేసిన చీస్‌మన్ తెలివైనవాడు. నీళ్లలో దిగకుండా కంచర గాడిదలతో లోయ పైనున్న కొండల మీద తిరిగి నది రూపు గీశాడు. 1962లో కనూలలో వచ్చిన ఐరోపా బృందంపై రాత్రివేళ దోపిడీగాళ్లు కాల్పులు జరిపారు. ఇద్దరు చనిపోయారు.

చక్రవర్తి హైలే సెలాసీ కోరిక మేరకు ఈసారి పూనుకున్నది బ్రిటిష్ సైన్యంలో రాయల్ ఇంజినీర్స్ అధికారి జాన్ బ్లాష్‌ఫర్డ్-స్నెల్. బ్రిటిష్, ఇథియోపియా సైనికులు, శాస్త్రవేత్తలు కలిసి సుమారు అరవై మంది. నీటికీ, రాతికీ, తుపాకీకీ మూడింటికీ జవాబు ముందే ఉండాలి. పోయినేడు పంట ఎందుకు పోయిందో తెలియకుండా ఈ ఏడు విత్తనం కొనే రైతు ఉండడు కదా.

మొదటి ప్రశ్న, ఎప్పుడు దిగాలి? ఆ నదికి ఏప్రిల్ చివర ఉండే నీటికి ఆగస్టు చివర వచ్చే నీరు దాదాపు యాభై రెట్లు. ఇక్కడ మనం మిరప నాట్లకు మడులు సిద్ధం చేసుకునే రోజుల్లోనే అక్కడి కొండల మీద వాన దంచి కొడుతుంది. ఆ కొండల మీద కూడా మన రేగడి లాంటి నల్లమట్టి విస్తారంగా ఉంది. ఆ ఒండ్రే వేల ఏళ్లు ఈజిప్టును బతికించింది. (వాళ్ల ఇళ్లల్లో చాలా కూరల్లో బెర్బెరే అనే ఎర్రటి కారం మసాలా పడాల్సిందేనట. ఆ మాట విన్నప్పటి నుంచి గుంటూరోణ్ణైన నాకు ఆ దేశం మీద మమకారం పెరిగింది.)

వరదలో పడవెక్కడమంటే మనకు 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర జరిగిన పడవ మునక గుర్తొస్తుంది. ఒళ్లు జలదరిస్తుంది. కానీ వీళ్లు వరదనే కోరుకున్నారు. ఇంజన్లు బిగించిన పెద్ద సైనిక పడవలు తేలాలంటే రాళ్ల మీద లోతైన నీరుండాలి. అందుకని నదిని రెండు ముక్కలు చేశారు. అడిస్ అబాబా నుంచి వచ్చే దారిలోని షఫార్తాక్ వంతెన కింద నుంచి సూడాన్ వైపు వెడల్పాటి భాగం ముందు, ఆ పెద్ద పడవలతో. వంతెనకు పైన, తానా నుంచి దిగే ఇరుకు లోయ ఆ తర్వాత. దానికి ఏవన్ కంపెనీ తయారుచేసిన గాలి పడవలు తీసుకున్నారు. పొడవు సుమారు 12 అడుగులు, పడవకు ముగ్గురు, చేతిలో తెడ్లు. చెక్క పడవ రాయికి తగిలితే పగులుతుంది. ఇది నొక్కుకుని, వంగి, పక్కకు తప్పుకుంటుంది. ఈనాడు ఏ దేశంలోనైనా టికెట్ కొని చేసే రాఫ్టింగ్‌కు ఆ ప్రయాణాన్ని ఒక మొదలుగా చెబుతారు. పైన సైన్యం వారి చిన్న బీవర్ విమానం, గట్టు మీద సామాను మోసే కంచర గాడిదలు.

నా లెక్కలో ఆ ఏర్పాట్లన్నిటిలో గొప్పది పడవ కాదు, విమానమూ కాదు. నీటిని చూసి, ఇక్కడ వద్దు, దిగి నడుద్దాం అనగలిగే వీలు. పడవ ఎక్కాక ఆ మాట అనే హక్కు ఎవరికీ లేకపోతే ఏమవుతుందో మన గోదావరి చూపించింది.

ఆగస్టులో పెద్ద పడవలు కింది భాగం దాటాయి. సెప్టెంబరులో రోజర్ చాప్‌మన్ ముందు నడవగా గాలి పడవలు పై లోయలోకి దిగాయి. డైలీ టెలిగ్రాఫ్ తరఫున ఫొటోలు తీయడానికి వచ్చిన క్రిస్ బానింగ్టన్ కూడా ఒక పడవలో ఉన్నాడు. ఆల్ప్స్ గోడలెక్కి పేరు తెచ్చుకున్నవాడు. పడవ ఒక్క పల్టీ కొట్టింది. నీరు కిందికి దూకినచోట ఎదురుసుడి ఉంటుంది. పట్టుకున్న మనిషిని బయటికి వదలదు, రోటిలో పచ్చడిలా తిప్పుతుంది. బానింగ్టన్ అందులో ఇరుక్కుని, పోయాననుకున్న దశలో బయటపడ్డాడు.

ఇక ఆ నీటిలో సాగలేమని తేలింది. ఒడ్డెక్కి నడక మొదలుపెట్టారు. సరైన నిర్ణయమే. నడిచే దారికి అడ్డంగా అబయ అనే ఉపనది వచ్చింది. అబ్బాయ్ ముందు అదొక వాగు కింద లెక్క. కానీ వానల్లో నిండుగా ఉంది. ముందు ఒకరు ఈది అవతలికి తాడు చేరిస్తే, మిగతావాళ్లు దాన్ని పట్టుకుని దాటొచ్చు. ఎన్నోసార్లు చేసిన పనే.

ఇయాన్ మెక్లాడ్ అనే కార్పొరల్ నడుముకు తాడు కట్టుకుని దిగాడు. ప్రవాహం అతన్ని లాగింది. తాడు బిగిసింది. వరదలో బిగిసిన తాడు మనిషిని పైకి తేల్చదు, నీటి కిందికి తొక్కుతుంది. తోటివాళ్లు కాపాడబోయారు. కుదరలేదు. శవం దొరకలేదు.

ఆ తర్వాత కూడా ప్రయాణం ఆగలేదు, మళ్లీ పడవలెక్కారు. ఒక రాత్రి ఒడ్డున గుడారాల మీద దోపిడీగాళ్లు విరుచుకుపడ్డారు. 1962 నాటి కథ గుర్తున్నవాళ్లు కాబట్టి ఎదురు కాల్పులు జరుపుతూ పడవల్లోకి చేరి, చీకట్లోనే ప్రవాహానికి వదిలేశారు. రాయి ఎక్కడుందో తెలియని నదిలో, రాత్రిపూట. అందరూ బతికారు. తుపాకీకి జవాబు సిద్ధంగా ఉంది, రాతికి ఉంది, పెద్ద నీటికి ఉంది.

ఇప్పుడు ఆ లోయ దిగువ భాగం సూడాన్ సరిహద్దు దగ్గర కట్టిన భారీ ఆనకట్ట జలాశయం కింద మునిగింది, శ్రీశైలం ఎగువన మన కృష్ణ లోయలాగే. 2025 సెప్టెంబరులో ఆ ఆనకట్టను లాంఛనంగా ప్రారంభించారు. శ్రీశైలం ఎగువన మన కృష్ణ లోయలాగే.

అబయ లాంటి వాగు మాకూ ఉంది. మా మండలంలోనే ఉప్పలపాడు ఉంది. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు చెరువు చెట్ల మీద గూళ్లు కట్టుకునే ఊరు. 2024 ఆగస్టు 31న కుండపోత వాన. బడి నుంచి ఇద్దరు పిల్లల్ని ఇళ్లకు చేర్చడానికి ఉపాధ్యాయుడు కారులో తీసుకొస్తున్నారు. ఉప్పలపాడు దగ్గర వాగు పొంగి దారి మీద పారుతోంది. కారు కొట్టుకుపోయింది. ముగ్గురూ చనిపోయారు.

ఆ వారమే బుడమేరు విజయవాడను ముంచింది. ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ ఎన్ని లక్షల క్యూసెక్కులుందో గంట గంటకూ టీవీలో చెప్పారు. మా వాగులో ఎంత నీరుందో చెప్పే లెక్క ఎక్కడా లేదు. వేసవిలో అదే వాగులో గేదెలు మోకాలి లోతు బురదలో పడుకుంటాయి. వాటి వీపుల మీద కొంగలు వాలుతుంటాయి.