కపడగండా: పేరునందలి భాషలు, కుట్టునందలి కొండలు

మన తీరపు అద్దకపు బట్టలు ఐరోపాకు ఎగుమతియైన కాలమున ఆంగ్లవర్తకులు ‘ఛీంట్’ అను హిందీమాటకు తమ బహువచన ప్రత్యయమును తగిలించి ‘చింట్స్’ అనిరి. కాలక్రమమున అది బహువచనమను స్మృతియే నశించి, ఏకవచనముగ స్థిరపడెను. పరభాషను చెవితో నేర్చువారి పొరపాటు బట్టకు శాశ్వతనామమైనది.

ఇట్టి చరిత్రయే కోరాపుట్, రాయగడ మండలములందును గలదు. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రమేర్పడువరకు ఈ కొండసీమ మద్రాసు రాజధానిలోని విశాఖపట్టణ మండలమునకు చేరియుండెను. రాయగడ ప్రత్యేక మండలమైనది 1992లో. ఇచటి ప్రజలను తెలుగువారు కొండవారనిరి. ఆ మాటయే ‘ఖోండ్’ అని ఆంగ్లగ్రంథములకెక్కినదని పలువురి యభిప్రాయము. నియమగిరి వాసులకు ‘డోంగ్రియా’ అను విశేషణము మరియొక పొరుగుభాషనుండి వచ్చినది. డొంగరమనగా కొండ. (మన చెవికది ‘దొంగ’వలె వినబడుట ఎంత అన్యాయము!) కావున డోంగ్రియా ఖోండులనగా, పై వ్యుత్పత్తి సరియైనచో, ‘కొండ కొండవారు’. రెండు పరభాషలు ఒకేమాటను రెండుమారులు పలికినవి. వారి సొంతభాషయైన కువి, తెలుగునకు దక్షిణ-మధ్య ద్రావిడశాఖలో సోదరి. అయినను వారి పేరు వారినడిగి పెట్టినవారము కాము.

వారి శాలువపేరును అట్టిదే. ‘కపడ’ ఆర్యభాషాపదము. ముతక తెల్లబట్టను డొంబు నేతగాండ్రు నేయుదురు. ధాన్యాదులకు మారకముగ అది కొండయెక్కును. బట్టతోబాటు మాటయు ఎక్కియుండును. కాని కుట్టు మాత్రము పూర్తిగా కువి కన్యలది. నమూనాకాగితము లేదు, గీత లేదు. పోగులు లెక్కించుచు ఎరుపు, పసుపు, ఆకుపచ్చ దారములతో గీతలును త్రికోణములును కుట్టుదురు. తండ్రికి, సోదరునకు, వలచినవానికి ఇత్తురు. సంతలో కొనువారు త్రికోణమును వట్టి అలంకారమనుకొందురు. అది కొండ, కొండయనగా వారికి నియమరాజు నెలవు.

ఈ అపార్థము సంతతో ఆగలేదు. నియమగిరిని బాక్సైటుగనిగ చదివినవారును గలరు. సర్వోన్నత న్యాయస్థానము ఆదేశింపగా 2013లో జరిగిన గ్రామసభలు పండ్రెండింటిలోను ప్రజలు ఆ చదువును ఏకగ్రీవముగ త్రోసివైచిరి.

కోట్‌పాడ్ నేత మరొక కథ. మిర్గన్ నేతగాండ్రు ఆల్ వేళ్లతో నూలునకు వేయు ఎర్రని వన్నెకు 2005లోనే భౌగోళిక సూచిక లభించెను. మన ‘తొగరు’ ఆ చెట్టు జాతిదే. దానికి వేరొక వ్యాసము కావలెను. కపడగండాకు ఆ రక్షణ 2024లో గాని రాలేదు.