ఆర్గాన్ కోసం రాసిన బాక్ సంగీతం పియానోకి ఎలా మారుతుంది?

మన పిల్లల పియానో పుస్తకాల్లో బాక్ (1685–1750) పేరుతో ఉన్నవన్నీ పియానో కోసం రాసినవి కావు. కొన్ని చర్చి ఆర్గాన్ కోసం రాసినవి, తర్వాతివాళ్లు పియానోకి మార్చారు. ఆ మార్పు తెలిస్తే ఏ పుస్తకం కొనాలో తేల్చుకోవచ్చు.

ఆర్గాన్‌లో మీట నొక్కి ఉంచినంతసేపూ గొట్టంలోకి గాలి వెళ్తుంది, నాదం తగ్గదు. మన హార్మోనియం కూడా అంతే కదా. పియానోలో సుత్తి తీగను తాకిన మరుక్షణం నుంచే నాదం తగ్గుతూ పోతుంది, వీణ తీగ మీటినట్టు. బీఎస్సీలో ఫిజిక్స్ చదివినదాన్ని కాబట్టి నాకు ఇక్కడే ఆసక్తి పుట్టింది.

అసలు చిక్కు కాళ్ల దగ్గర. ఆర్గానిస్టు మంద్ర స్వరాలను పాదాలతో వాయిస్తారు. 16 అడుగుల గొట్టాల వరుస తెరిస్తే, రాసిన స్వరం కంటే ఒక స్థాయి కింద మోగుతుంది. పియానోలో ఆ పనీ చేతులదే. అందుకే మార్చేవాళ్లు మంద్ర స్వరానికి దాని కింది స్థాయి స్వరాన్ని కూడా జోడిస్తారు, మధ్య స్వరాలను రెండు చేతులకూ పంచుతారు. కుడి పెడల్ తొక్కితే స్వరాలు నిలుస్తాయి, కానీ అవసరం లేనివీ నిలుస్తాయి. కింది స్వరం మారినప్పుడల్లా పెడల్ మార్చకపోతే అంతా ముద్ద.

లిస్ట్ ఆరు ప్రిల్యూడ్–ఫ్యూగులను మార్చి 1852లో ప్రచురించారు. అవి బాగా చెయ్యి తిరిగినవాళ్లకే. బుజోనీ 1898లో తెచ్చిన పది కోరల్ ప్రిల్యూడ్‌లలో బి.డబ్ల్యు.వి. 639 నెమ్మదైనది, మూడు గొంతులే. సొలారిస్ సినిమాలో ఆర్గాన్ మీద వినిపించేది ఇదే. మొదలుపెట్టేవాళ్లకు నేను దీన్నే చెబుతాను.

కొనేముందు ఇంట్లో వాద్యం చూసుకోండి. 61 మీటల కీబోర్డు సాధారణంగా ఆర్గాన్ పాదాల వరుసలోని అట్టడుగు స్వరం దగ్గరే ఆగిపోతుంది. ఇంకో స్థాయి కిందికి వెళ్లాలంటే మీటలుండవు, 88 మీటలవి కావాలి. చిన్న చేతులకు స్థాయి దూరం అందకపోతే జోడించిన స్వరం వదిలేయమని టీచర్‌ని అడగండి. బాక్ రాసిన స్వరం ఎలాగూ ఉంటుంది. మణికట్టు నొప్పి అంటుంటే మాత్రం ఆ రోజుకి ఆపేయండి.