జెండా మీది రొట్టె

పోచంపాడ్ ఆనకట్ట దిగి జాతీయ రహదారి పట్టుకుని నిజామాబాద్ వైపు బయల్దేరితే, ఉమ్మడి జిల్లా అంతటా ఒకే పేరు వెంటాడుతుంది. ఊరి పేరే నిజామాబాద్. అక్కణ్నుంచి పడమరకు బోధన్ వెళ్తే నిజాం షుగర్ ఫ్యాక్టరీ. ఆ ఫ్యాక్టరీ చెరకు తాగిన నీళ్లు మంజీర మీద 1923-31 మధ్య కట్టిన నిజాంసాగర్‌వి. కట్టించిన ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. రాజు పోయాడు, రాజ్యం పోయింది, ఫ్యాక్టరీ కూడా 2015 డిసెంబరులో మూతపడింది. పేరు మాత్రం రైలు టికెట్ మీద, బస్సు బోర్డు మీద, పట్టాదారు పాసుపుస్తకం మీద నిక్షేపంగా ఉంది. ఇందూరు అని మార్చాలనే మాట ఎన్నికలప్పుడు ఒకసారి లేచి మళ్లీ సర్దుకుంటుంది.

ఇంత చెక్కుచెదరని పేరుకు ఒకప్పుడు ఒక జెండా ఉండేది. పసుపుపచ్చ బట్ట, నడుమ తెల్లటి గుండ్రని గుర్తు. ఆ గుర్తు చంద్రుడు కాదు, సూర్యుడూ కాదు. రొట్టె. అసఫ్‌జాహీల అధికార చిహ్నం కుల్చా. ఇవాళ ఆ జెండా ఈ జిల్లాలో ఏ స్తంభం మీదా కనపడదు. సెప్టెంబరు 17 దగ్గరపడగానే ఫోన్లలో మాత్రం తిరుగుతుంది, దాని కింద తిట్లూ పొగడ్తలూ సమానంగా పోగుపడతాయి. పేరును భరించిన జనం జెండాను ఎందుకు భరించలేకపోయారో తెలియాలంటే ముందు ఆ రొట్టె దగ్గరికి వెళ్లాలి.

మొదటి నిజాం మీర్ ఖమ్రుద్దీన్ ఖాన్ దక్కనుకు వచ్చే రోజుల్లో ఔరంగాబాద్‌లోని సూఫీ గురువు షా నిజాముద్దీన్ దర్శనానికి వెళ్లాడని కథ. గురువు ఆకలిగా ఉన్న అతిథి ముందు పసుపు బట్టలో మూటకట్టిన కుల్చాలు పెట్టాడు. అతను ఏడు తిన్నాడు, ఇక చాలన్నాడు. నీ వంశం ఏడు తరాలు ఏలుతుందన్నాడు గురువు. జెండాకు పసుపు ఆ బట్ట నుంచి, గుర్తు ఆ రొట్టె నుంచి వచ్చాయంటారు. 1724లో శకర్‌ఖేడా యుద్ధంలో ముబారిజ్ ఖాన్‌ను ఓడించి ఖమ్రుద్దీన్ దక్కను చేజిక్కించుకున్నాడు. 1948లో గద్దె మీద ఉన్న మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఏడో అసఫ్‌జా. జోస్యం అచ్చంగా పలికినట్టే ఉంది కదా! కాకపోతే ఈ లెక్కలో చిన్న కిటుకుంది. మొదటి నిజాం తర్వాత నాసిర్ జంగ్, ముజఫర్ జంగ్, సలాబత్ జంగ్ అని ముగ్గురు ఏలారు. వాళ్లకు అసఫ్‌జా బిరుదు లేదు కనక వరసలోంచి తప్పించారు. తప్పించకపోతే రొట్టెలు చాలవు. ఇలాంటి జోస్యాలు రాజ్యం నిలదొక్కుకున్నాక పుడతాయి, కూలిపోయాక పదునెక్కుతాయి.

ఆ జెండా మొదట్నుంచీ స్వతంత్ర రాజ్యపు గుర్తు కాదన్నది ఇప్పుడు దాన్ని మెచ్చుకునేవాళ్లూ తిట్టేవాళ్లూ కూడా మర్చిపోయే సంగతి. నిజాములు పేరుకు మొఘల్ సుబేదార్లు. ఎంత స్వతంత్రంగా ఏలినా 1857 తిరుగుబాటు అణిగేదాకా హైదరాబాద్ నాణేల మీద ఢిల్లీ బాదుషా పేరే పడేది. ఢిల్లీ పోయాక లండన్ వచ్చింది. 1877 జనవరి 1న విక్టోరియాను భారత చక్రవర్తినిగా ప్రకటిస్తూ వైస్రాయ్ లిట్టన్ జరిపిన ఢిల్లీ దర్బారులో సంస్థానాధీశులకు తలా ఒక పట్టు పతాకం బహూకరించారు. వాటి మీద బొమ్మలన్నీ యూరప్ వంశచిహ్నాల తరహావి, కూర్చింది రాబర్ట్ టేలర్ అనే బెంగాల్ సివిల్ సర్వీసు ఉద్యోగి. ఒక్కో పతాకం మొయ్యడానికి ఇద్దరు దృఢకాయులైన సైనికులు కావలసివచ్చిందట. పదేళ్ల పిల్లవాడైన ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దివాన్ సాలార్ జంగ్‌తో కలిసి ఆ సభకు వెళ్లాడు. మన సంస్థానాలన్నింటికీ అనాదిగా సొంత పతాకాలున్నాయనుకుంటాం. వాటిలో చాలావాటి రూపురేఖలు దిద్దింది, అందజేసింది ఆ సభే. జెండా ఇచ్చినవాడు దానికి పైన తన యూనియన్ జాక్ ఎగురుతూ ఉండాలన్న షరతు విడిగా చెప్పనక్కర్లేకపోయింది.

కాబట్టి పసుపు జెండా నిజంగా ఒక దేశపు జెండానని చెప్పుకున్నది పదమూడు నెలలే. 1947 ఆగస్టు 15 నుంచి 1948 సెప్టెంబరు 17 దాకా. రెండు వందల ఏళ్ల పాతదైన ఆ గుడ్డకు ఇప్పుడున్న చెడ్డపేరూ, ఇప్పుడున్న మోజూ ఆ పదమూడు నెలల్లో పుట్టినవే.

1947 జూలై 22న రాజ్యాంగ సభ మూడు రంగుల జెండాను ఆమోదించింది. దాని తొలిరూపాన్ని 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాల్లో గాంధీకి చూపించింది తెలుగువాడైన పింగళి వెంకయ్య. విడ్డూరమేమిటంటే, తెలుగువాడు గీసిన ఆ జెండాను సగం తెలుగునాట ఎగరేయడం నేరమైంది. స్వామి రామానంద తీర్థ నాయకత్వంలో స్టేట్ కాంగ్రెస్ ఆగస్టు 7న భారత్‌లో చేరాలంటూ ఉద్యమం మొదలెట్టింది. 15న హైదరాబాద్ సుల్తాన్‌బజారులో జెండా ఎగరేసిన స్వామీజీని అరెస్టు చేశారు. సెప్టెంబరు 2న వరంగల్ జిల్లా పరకాలలో జెండా ఎగరేయడానికి చుట్టుపక్కల పల్లెల నుంచి జనం కదిలివస్తే పోలీసులు, రజాకార్లు కాల్పులు జరిపారు. ఇరవైమందికి పైగా చనిపోయారు. చేతిలో ఉన్నది కర్రకు చుట్టిన గుడ్డముక్క, అంతే.

ఇందూరుకు ఆ ఏడాది తాలూకు గుర్తు జైలుగోడ. ఖిల్లా మీది జైల్లో దాశరథి కృష్ణమాచార్య, వట్టికోట ఆళ్వారుస్వామి ఖైదీలు. పళ్లు తోముకోమని ఇచ్చిన బొగ్గుతో దాశరథి గోడ మీద నిజామును నిలదీస్తూ పద్యం రాశాడన్న కథ ఈ జిల్లాలో బడిపిల్లలకు కూడా తెలుసు. 1937లో ఇదే నిజామాబాదులో మందుముల నరసింగరావు అధ్యక్షతన ఆంధ్ర మహాసభ జరిగింది. అప్పటికి వాళ్లు అడిగినవి బళ్లు, పన్నుల తగ్గింపు, తెలుగుకు చోటు. పదేళ్లలో మాట జైలుగోడ దాకా వచ్చిందంటే మధ్యలో చాలా జరిగింది. బోధన్, వర్ని ప్రాంతాల్లో నిజాంసాగర్ కాలువ కింద భూములు కొనుక్కుని కోస్తా జిల్లాల నుంచి వచ్చిన రైతుల క్యాంపులు అప్పటికే వెలిశాయి. కాంగ్రెస్ జెండా చూస్తూ పెరిగిన బ్రిటిషాంధ్ర నుంచి వచ్చి, ఆ జెండా పట్టుకుంటే జైలుపాలయ్యే నేల మీద వాళ్లు చెరకు నాటారు.

ఇత్తెహాదుల్ ముస్లిమీన్ నాయకుడు, రజాకార్లను నడిపిన కాసిం రజ్వీ తన ప్రసంగాల్లో అసఫ్‌జాహీ జెండాను ఢిల్లీ ఎర్రకోట మీద ఎగరేస్తామని బీరాలు పలికాడని ఆనాటి నాయకుల జ్ఞాపకాలు చెబుతాయి. ఆ మాటతో జెండాకు పట్టిన మరక మరి వదల్లేదు. అంతకుముందు అది కచేరీ మీది జెండా, పన్ను కట్టే రైతు తలెత్తి చూసే జెండా. అప్పట్నుంచి రజాకారు లాఠీకి తోడైన జెండా. 1948 ఆగస్టులో నిజాం ప్రభుత్వం ఐక్యరాజ్యసమితి భద్రతా మండలికి ఫిర్యాదు చేసింది. సెప్టెంబరు 13న భారత సైన్యం కదిలింది, 17న నిజాం లొంగుబాటు ప్రకటించాడు, 18న అతని సేనాని ఎల్ ఎద్రూస్ మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురికి లొంగిపోయాడు. పారిస్‌లో మండలి ఫిర్యాదును చేపట్టింది 16న. జెండా దిగడానికి ఒక్క రోజు ముందు.

కథ ఇక్కడితో ముగిస్తే చెప్పేవాడికీ వినేవాడికీ సుఖమే. కానీ పోలీసు చర్య అని పేరుపడ్డ ఆ సైనిక చర్య తర్వాతి వారాల్లో జరిగినదాన్ని విచారించిన సుందర్‌లాల్ కమిటీ, 27 వేల నుంచి 40 వేల మంది దాకా ప్రాణాలు కోల్పోయి ఉంటారని అంచనా వేసింది. ఎక్కువమంది ముస్లింలు. అన్నిటికన్నా ఘోరంగా నలిగిన నాలుగు జిల్లాల్లో నాందేడ్ ఒకటి, అంటే బోధన్ దాటితే వచ్చే జిల్లా. ఆ నివేదిక 2013 దాకా జనం కంటపడలేదు. పరకాల స్మృతికి అమరధామం ఉంది, ఏటా నివాళులున్నాయి. ఈ రెండో స్మృతికి స్తంభమూ లేదు, తేదీ కూడా లేదు. నా అనుమానం, పసుపు జెండాను ఫోన్లో దాచుకునే కుర్రవాళ్లలో కొందరికి నిజాం మీద ప్రేమకన్నా చెప్పుకోనివ్వని ఆ బాధే ఎక్కువ కారణం. జెండాను ఇష్టపడని పక్కింటాయన దీన్ని తెలుసుకోవాలి. జెండాను ఇష్టపడే కుర్రవాడు పరకాల కథ చదవాలి. ఇద్దరిలో ఎవరికీ ఆ పాఠం బళ్లో సరిగ్గా చెప్పలేదు.

లొంగుబాటు తర్వాత జెండా ఏమైందన్నది కూడా మనం అనుకున్నంత సూటిగా లేదు. ఉస్మాన్ అలీ ఖాన్‌ను ఎవరూ జైల్లో పెట్టలేదు. 1950 జనవరి 26 నుంచి 1956 అక్టోబరు 31 దాకా ఆయనే హైదరాబాద్ రాష్ట్రానికి రాజప్రముఖ్. విలీనమైన రాజులకు ఒప్పుకున్న వ్యక్తిగత మర్యాదల్లో ఇంటి మీదా, కారు మీదా వంశపతాకం పెట్టుకోవడం కూడా ఒకటి. ఆ మర్యాదలన్నీ పోయింది 1971లో, రాజభరణాలను రద్దుచేసిన 26వ రాజ్యాంగ సవరణతో. అంటే రాజ్యపు జెండాగా చచ్చిపోయిన గుడ్డ, కుటుంబపు జెండాగా మరో రెండు దశాబ్దాలకు పైగా చట్టబద్ధంగానే బతికింది. దేశం కూలిపోలేదు. ఎవరింటి మీద, ఏ హోదాలో ఎగురుతోందన్నది స్పష్టంగా ఉంటే జెండాకు కోర ఉండదని ఆ ఏళ్లు చూపిస్తాయి.

ఇప్పటి తగవు జెండా గురించి కన్నా తేదీ గురించి. సెప్టెంబరు 17ను విమోచనం అనాలా, విలీనం అనాలా, సమైక్యత అనాలా? తెలంగాణ ఉద్యమకాలంలో అధికారికంగా జరపాలని అడిగినవాళ్లు 2014లో గద్దెనెక్కాక ఎనిమిదేళ్లు మౌనం వహించారు. 2022లో సికింద్రాబాద్ పరేడ్ మైదానంలో కేంద్రం హైదరాబాద్ విమోచన దినం జరిపితే, అదే రోజు రాష్ట్రం జాతీయ సమైక్యతా దినోత్సవం జరిపింది. 2024లో కొత్త ప్రభుత్వం ప్రజాపాలన దినోత్సవమంది. మూడు పేర్లు, ఎగరేసేది ఒకటే జెండా. 2022 మార్చిలో బోధన్ చౌరస్తాలో శివాజీ విగ్రహం పెట్టడం మీద గొడవ రేగి 144 సెక్షన్ పెట్టాల్సి వచ్చింది. అక్కడ రాళ్లు రువ్వుకున్నవాళ్లెవరూ శివాజీ కాలాన్ని చూడలేదు, నిజాం కాలాన్నీ చూడలేదు. చౌరస్తా ఎవరిది అన్నదే అసలు పేచీ.

అమెరికాలో దక్షిణ కరోలినా వాళ్లకు ఇదే చిక్కు. బానిసత్వం కోసం పోరాడి ఓడిన పక్షపు యుద్ధ జెండాను 1960ల మొదట్లో, పౌరహక్కుల ఉద్యమం ఊపందుకుంటుండగా, శాసనసభ భవనం మీదికెక్కించారు. అంతర్యుద్ధం ముగిసి అప్పటికి దాదాపు వందేళ్లు. 2000లో దాన్ని గుమ్మటం మీంచి దింపి ఆవరణలోని స్మారకం దగ్గర నాటారు. 2015 జూన్‌లో చార్ల్‌స్టన్ చర్చిలో ఒక జాత్యహంకారి తొమ్మిదిమంది నల్లజాతీయులను కాల్చి చంపాక, జూలై 10న అక్కణ్నుంచీ తీసి మ్యూజియానికి పంపారు. జర్మనీ దారి వేరు. అక్కడ నాజీ గుర్తును బహిరంగంగా ప్రదర్శిస్తే శిక్షాస్మృతి కింద నేరం, బోధనకూ పరిశోధనకూ కళకూ మినహాయింపు. అసఫ్‌జాహీ పతాకాన్ని స్వస్తికతో పోల్చేవాళ్లున్నారు. నాకు ఆ పోలిక అతిశయోక్తి అనిపిస్తుంది. రజాకార్ల పదమూడు నెలల్ని రెండు శతాబ్దాల మీద పరిచేస్తే నిజాంసాగర్ కట్టిన మేస్త్రీ కూడా ముద్దాయి అయిపోతాడు. కానీ కరోలినా కథలో ఒకటి మనకూ వర్తిస్తుంది: అక్కడ జెండాను మళ్లీ ఎక్కించినవాళ్లు పాతకాలాన్ని గౌరవించడానికి ఎక్కించలేదు, తమ కాలంలో ఒకరిని బెదిరించడానికి ఎక్కించారు.

మన చట్టం సంగతి చూస్తే, 2002 నాటి జెండా నియమావళి చెప్పేది జాతీయ పతాకం గురించే. దానికన్నా పైనగానీ, పక్కపక్కనగానీ మరో జెండా ఉండకూడదు. సామాన్యుడు తన ఇంటి మీద జాతీయ జెండా ఎగరేసుకోవడం భావప్రకటన హక్కులో భాగమని సుప్రీంకోర్టు నవీన్ జిందాల్ కేసులో 2004లో తేల్చింది. పాత సంస్థానాల జెండాల గురించి నియమావళి ప్రస్తావించదు.

కాబట్టి ఇది పోలీసుల కన్నా ముందు ఊరివాళ్లు తేల్చుకోవలసిన విషయం. నా లెక్క ఇది. పేరు వాడుకతో అరిగి మెత్తబడుతుంది. నిజామాబాద్ అన్నప్పుడు ఎవరికీ ఉస్మాన్ అలీ ఖాన్ గుర్తు రాడు, పసుపు మార్కెట్టు గుర్తొస్తుంది. జెండా అలా అరగదు. దాన్ని వాడేవాడుండడు, ఎత్తేవాడే ఉంటాడు, ఎత్తిన ప్రతిసారీ కొత్తగా ఇది మాది అంటుంది. అందుకే చౌరస్తాలో, ఊరేగింపులో, సర్కారు కచేరీ మీద దానికి చోటు లేదంటాను. చింపి పారేయమనీ అనను. జిల్లా పురావస్తు ప్రదర్శనశాల ఊళ్లోనే తిలక్ గార్డెన్‌లో ఉంది. అక్కడ పసుపు జెండా ఒకటి అద్దం వెనక పెట్టాలి. కింద పలకలో కుల్చా కథ, 1877 దర్బారు, పరకాల, ఖిల్లా జైలు, నాందేడ్ అన్నీ రాయాలి, తెలుగులోనూ ఉర్దూలోనూ. పలక మీద ఏం రాయాలో ఒప్పుకోవడానికే ఊళ్లో పెద్దమనుషులు ఏడాదిపాటు పోట్లాడుకుంటారు. ఆ పోట్లాట చౌరస్తాలో జరిగేదానికన్నా వెయ్యిరెట్లు మేలు.