మేలట్టూరు తెలుగు రాత్రులు

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతముల శ్రోతలకు భారత ఉత్సవములను గూర్చి వేరుగ చెప్పనక్కరలేదు. పగలు హరికథ, రాత్రి వీధినాటకము, చివర దుర్యోధన వధ, అగ్నిగుండము. కుప్పము దాటి తమిళదేశమున అడుగిడినచో ఇదే ఉత్సవము తమిళమున జరుగును. కథ మారదు, భాష మారును. అయితే ఇంకను దక్షిణమున, కావేరీ సీమలో, భాషయు మారని ఉత్సవమొకటి కలదు.

తంజావూరునకు చేరువనున్న మేలట్టూరు గ్రామమున ఏటేట వైశాఖమాసమందు, నృసింహ జయంతి సందర్భమున, వరదరాజస్వామి కోవెల ముందర తెల్లవార్లు తెలుగు నాటకములు ప్రదర్శింతురు. నటులు పురుషులే, స్త్రీ పాత్రలును వారివే. ఇండ్లలో పెక్కుమంది మాటలాడునది తమిళము.

ఈ వింతకు మూలము నాయకరాజుల కాలము. 1565లో తళ్లికోట యుద్ధమున విజయనగరము కూలిన పిదప పండితులు, కళాకారులు ఎందరో తంజావూరు చేరిరి. అచ్యుతప్ప నాయకుడు 510 బ్రాహ్మణ కుటుంబములకు ఈ గ్రామమును దానమిచ్చెనని ఐతిహ్యము. త్యాగరాజస్వామికి సమకాలికుడైన మేలట్టూరు వేంకటరామశాస్త్రి ప్రహ్లాద చరిత్రము, ఉషా పరిణయము, రుక్మాంగద చరిత్రము, హరిశ్చంద్ర మొదలగు నాటకములను తెలుగున రచించెను. ఆయన పేరు మన సాహిత్య చరిత్రలలో ఎంత చోటు పొందవలెనో అంత పొందలేదని నా అభిప్రాయము.

ఇవి తొందరపడువారికి తగినవి కావు. మొదట కోణంగి గంతులు, పిదప గణపతి ముఖోటా ధరించిన బాలుడు, అటుపై ఒక్కొక్క పాత్రకు ప్రవేశదరువు. ఒక రాగమును నిదానముగ విస్తరించుచు, ఒక భావమును పలుమార్లు పట్టి చూచుచు రాత్రి సాగును. నరసింహుని ముఖోటాకు పూజలు జరుగును. దానిని ధరించు వ్యక్తి ఉపవాసముండును. ఆవేశమున ఆతడు హిరణ్యకశిపుని మీదికి దూకకుండ పలువురు పట్టుకొని యుందురు. అది నటనయా, భక్తియా అని విడదీయుట ఆ వేళ ఎవరికిని సాధ్యము కాదు.

ఇంతటి కళయు ఒకప్పుడు ఆగిపోయినది. పాతకాలపు పోషణ సన్నగిల్లినను భారతం నటేశయ్యరు దీనిని మోసికొని వచ్చెను. 1931లో ఆయన మరణింపగా రంగస్థలము చీకటి పడినది. 1930ల చివర గణేశయ్యరు మరల దీపము వెలిగించెను. న్యాయవాదియు, నాట్యాభిమానియు అగు ఇ. కృష్ణయ్యరు, సంస్కృత పండితుడు వి. రాఘవన్ దీని విలువను నగరవాసులకు తెలియజెప్పిరి. మదనపల్లె కళాశాలకు మూలమైన దివ్యజ్ఞాన సమాజమునకే చెందిన రుక్మిణీదేవి అరండేల్, మేలట్టూరు భాగవతుల సాయముతో కొన్ని నాటకములను మద్రాసు కళాక్షేత్రమున ప్రదర్శింపజేసిరి. అక్కడ స్త్రీలును వేషములు ధరించిరి. గ్రామమున మాత్రము పాత కట్టుబాటే నిలిచినది.

స్కాట్లండున గేలిక్ భాష క్షీణించుచుండగా 1892లో ఓబన్ పట్టణమున ‘మోడ్’ అను గానోత్సవమును ఆరంభించిరి. అక్కడ పూనుకొన్నవారు తమ భాషకొరకే పూనుకొనిరి. మేలట్టూరున తెలుగు నాటకములను బ్రతికించినవారిలో పెక్కుమందికి తెలుగు నిత్యవ్యవహార భాషయే కాదు. తెలుగుసీమనుండి ఆ కష్టకాలమున అందిన సాయము స్వల్పము.

సాలియమంగళము, తెప్పెరుమానల్లూరులందును ఈ మేళము నిలిచినది. శూలమంగళము, ఊత్తుకాడులందు నిలువలేదు. మేలట్టూరున తరువాతి కాలమున రెండు సంఘములు ఏర్పడినవి. పోటీవలన కొంత కలతయు, కొంత ఉత్సాహమును కలిగినవి. అంతకంటె నన్ను కలతపెట్టునది ఉచ్చారణ. తెలుగు దరువును తమిళ లిపిలో వ్రాసికొని నేర్చిన బాలునికి ‘క’కును ‘గ’కును భేదము చూపునది గురువు నోరే గాని కాగితము కాదు. ఆ గురువునకు తెలుగు తెలిసినంత మేరకే ఆ దరువు తెలుగై నిలుచును. మూడు భాషలు కలియు కుప్పమున 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయము ఏర్పడినది. ఈ నాటకముల ప్రతులను తెలుగు లిపిలో పరిష్కరించి ఆ గ్రామ బాలురకు అందించుట అట్టి సంస్థకు తగిన పని.