రేవు దాటని విహారం

1915 జూలై 24, శనివారం ఉదయం 7.28 గంటలకు షికాగో నదిలో ఈస్ట్‌లాండ్ అనే ఆవిరి ఓడ గట్టు పక్కనే బోల్తా పడింది. అక్కడ నీటి లోతు ఇరవై అడుగులు. గట్టు కూడా దాదాపు అంతే దూరం. అయినా 844 మంది ప్రాణాలు పోయాయి. 22 కుటుంబాల్లో ఒక్కరూ మిగల్లేదు. చనిపోయినవారిలో ఎక్కువమంది వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీ కార్మికులు, వారి భార్యాబిడ్డలు, బంధుమిత్రులు. కార్మికులకు ఏటా జరిపే పిక్నిక్ కోసం వాళ్లు ఆ ఓడ ఎక్కారు.

షికాగో పొలిమేరలోని సిసిరోలో ఆ కంపెనీకి హాథార్న్ వర్క్స్ అనే పెద్ద ఫ్యాక్టరీ ఉండేది. టెలిఫోన్ పరికరాలు అక్కడే తయారయ్యేవి. కార్మికుల్లో చెక్, పోలిష్ వలస కుటుంబాల వారు చాలామంది. ఫ్యాక్టరీ ఉద్యోగుల హాథార్న్ క్లబ్ ఏటా వేసవిలో పిక్నిక్ ఏర్పాటు చేసేది. మిషిగన్ సరస్సు మీదుగా ఇండియానా రాష్ట్రంలోని మిషిగన్ సిటీకి ఓడల్లో వెళ్లి, పగలంతా ఆటపాటలతో గడిపి, తిరిగి రావడం దాని పద్ధతి. సెలవులు అరుదైన ఆ రోజుల్లో కార్మికులకు అదొక పండుగ. ఉన్నవాటిలో మంచి బట్టలు వేసుకుని, పిల్లాపాపలతో వచ్చేవారు. 1915లో దాదాపు 7,000 టికెట్లు అమ్ముడయ్యాయి. అంతమందిని తీసుకెళ్లడానికి ఐదు ఓడలను అద్దెకు మాట్లాడారు. వాటిలో ముందుగా బయలుదేరాల్సింది ఈస్ట్‌లాండ్.

1903లో జలప్రవేశం చేసిన ఈ ఓడ పొడవు 265 అడుగులు. వేగానికి పేరున్నదే కానీ నిలకడ తక్కువ. 1904లోనే నిండా జనంతో సరస్సులో ప్రమాదకరంగా ఒరిగింది. ఓడ అడుగున ఉన్న బాలాస్ట్ ట్యాంకుల్లోకి నీళ్లు ఎక్కిస్తూ, తోడేస్తూ దాన్ని నిలబెట్టేవారు. ఈ పని కొలతల మీద కంటే ఇంజనీరు అనుభవం మీదే ఆధారపడేది.

1912లో టైటానిక్ మునిగాక, ఓడల్లో ప్రయాణికులకు సరిపడా ప్రాణరక్షక పడవలు ఉండాలన్న ఒత్తిడి పెరిగింది. ఆ నిబంధన ఉన్న నావికుల చట్టం మీద అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ 1915 మార్చిలో సంతకం చేశాడు. జూలై మొదట్లో ఈస్ట్‌లాండ్ పై అంతస్తుకు మరిన్ని పడవలు, తెప్పలు చేరాయి. వాటి లెక్కన ఓడ 2,500 మందిని ఎక్కించుకోవచ్చని అనుమతి వచ్చింది. ప్రాణాలు కాపాడతాయనుకున్న సరంజామాతోనే పైబరువు పెరిగింది. అంతమంది ఎక్కితే ఓడ నిటారుగా నిలుస్తుందో లేదో పరీక్షించి చూసినవారు లేరు. అనుమతికి ఆ పరీక్ష అవసరం కూడా లేదు.

ఆ ఉదయం ఆరున్నర దాటాక జనం ఎక్కసాగారు. కాసేపటికే ఓడ గట్టు వైపు ఒరిగింది. ట్యాంకుల్లో నీళ్లు సర్దితే ఈసారి నది వైపు వాలింది. అలా అటూ ఇటూ ఊగుతుండగానే 7.10 ప్రాంతంలో 2,500 లెక్క పూర్తయింది. చిరుజల్లు పడుతుండటంతో తల్లులు, పిల్లలు చాలామంది లోపలి గదుల్లోకి వెళ్లారు. ఓడలో బ్యాండు మోగుతోంది. నది వైపు వాలు పెరిగేకొద్దీ సామాను జారింది, తెరిచి ఉన్న ద్వారాల గుండా నీళ్లు లోపలికొచ్చాయి. మోకులు పూర్తిగా విప్పకముందే ఓడ పక్కకు పడిపోయింది. పై డెక్ మీదివాళ్లు నీళ్లలో పడ్డారు, లేదా పైకి తేలిన ఓడ పక్కభాగం మీదికి పాకారు. లోపల ఉన్నవాళ్ల మీద బల్లలు, పియానో, మనుషులు కలిసి పడ్డారు. పడవలు దించే వ్యవధే లేకపోయింది.

పిక్నిక్‌లో వైద్య సహాయం కోసం బయలుదేరిన కంపెనీ నర్సు హెలెన్ రెపా రేవుకు చేరేసరికి ఓడ పడి ఉంది. ఆమె మార్షల్ ఫీల్డ్ దుకాణం నుంచి 500 దుప్పట్లు కంపెనీ ఖాతాలో తెప్పించింది. దారిన పోయే కార్లను ఆపి, తేరుకున్నవాళ్లను ఇళ్లకు పంపింది. లోపల చిక్కుకున్నవారి కోసం వెల్డర్లు ఓడ ఉక్కు రేకును కోశారు. శవాలను గుర్తుపట్టడానికి సెకండ్ రెజిమెంట్ ఆర్మరీలో వరుసగా పడుకోబెట్టారు.

బాధితుల సహాయానికి వెస్టర్న్ ఎలక్ట్రిక్ లక్ష డాలర్లు ఇచ్చింది. నేరం మాత్రం ఎవరి మీదా నిలవలేదు. ఓడ యజమానులను, కెప్టెన్‌ను, ఇంజనీరును విచారణకు మిషిగన్ నుంచి ఇల్లినాయ్ తీసుకెళ్లడానికి 1916లో ఫెడరల్ న్యాయమూర్తి క్లారెన్స్ సెషన్స్ ఒప్పుకోలేదు. ఇంజనీరు తరఫున వాదించింది ప్రసిద్ధ న్యాయవాది క్లారెన్స్ డారో. నష్టపరిహారం దావాలు ఇరవై ఏళ్లు సాగాయి. 1935లో అప్పీలు కోర్టు ఓడ కంపెనీ బాధ్యతను నీళ్లలోంచి తీసిన ఓడ విలువకే పరిమితం చేసింది. నౌకాయాన చట్టంలోని ఈ పాత సూత్రం ఆ యజమానులకు కలిసొచ్చింది.

నదిలోంచి తీసిన ఓడను నావికా దళం తీసుకుంది. విల్మెట్ అని పేరు మార్చి, పైభాగం తగ్గించి, శిక్షణ నౌకగా చాలా ఏళ్లు నడిపింది. 1947లో తుక్కు కింద విరగ్గొట్టారు. హాథార్న్ వర్క్స్ పేరు తర్వాత మరో విధంగా ప్రసిద్ధమైంది. కార్మికుల పని మీద పరిసరాల, పర్యవేక్షణ ప్రభావం గురించి 1924 నుంచి 1932 దాకా అక్కడ సాగిన ప్రయోగాలను నేటికీ మేనేజ్‌మెంట్ విద్యార్థులు చదువుతున్నారు. అదే ఫ్యాక్టరీ కార్మికుల పిక్నిక్ ప్రమాదానికి నది ఒడ్డున స్మారక ఫలకం వెలసింది మాత్రం 1989లో. దాన్ని పెట్టించడానికి పూనుకున్నవారు ఇల్లినాయ్‌లోని ఒక పాఠశాల విద్యార్థులు.